పార్వతాలు గడ్డం కింద శామియానా

పార్వతాలు ఇంతవరకూ నోరు విప్పి ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆమె ఫోనులో కెమెరా పాడవలేదు. దాని కన్ను మీద ఆమే తన చేత్తో ఒక స్టిక్కరు బొట్టు అంటించింది.

ఖరగ్‌పూర్‌లో ఉన్న అక్క కాసులమ్మ ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తుంది. మూడు నెలలుగా అక్క మొహం ఇటు కనబడుతోంది, పార్వతాలు మొహం అటు కనబడడం లేదు. "కెమెరా పోయిందక్కా" అంటుంది పార్వతాలు. పోయింది కెమెరా కాదు, గడ్డం కింద బిగువు. టైఫాయిడ్ వచ్చి, ఆ తర్వాత మూడు నెలలు జావ తాగి పద్దెనిమిది కిలోలు తగ్గింది. ఒళ్ళయితే తగ్గింది గానీ చర్మం తగ్గలేదు. కోడిపుంజు మెడలా గడ్డం కింద ఊగుతోంది.

బొట్టు అంటించడం చాలా తెలివైన పనని ఆమె నమ్మకం. నమ్మదా మరి? చోడవరంలో నూకరాజు టెంట్ హౌస్ వాళ్ళంటే తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా వాళ్ళే. మొగుడు నూకరాజు, వానకి శామియానా తడిసిపోతుందని దాన్ని పెళ్ళివారి హాల్లోకి మోయించి లోపల కట్టిన ఘనుడు. మరిది అప్పలకొండ, పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాయి పాపమని బంతికీ బంతికీ మధ్య కుర్చీలన్నిటినీ కాసేపు పడుకోబెట్టేవాడు. అత్త పైడితల్లి అడ్డపొగ మనిషి. చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటుంది. "నిప్పు నా నోట్లో ఉండగా ఇల్లెలా అంటుకుంటాదే?" అని ఆవిడ ధీమా.

పోయిన ఆదివారం అక్క గట్టిగా అడిగేసింది. "ఒలే చెల్లీ, కెమెరా బాగుచేయించడానికి మూడు నెలలా? నా మీద కోపమయితే చెప్పెయ్యి. వచ్చే ఆదివారం నేను చెయ్యను. నీకు అక్క కావాలంటే నువ్వే చెయ్యి. మొహం చూపించి చెయ్యి." ఆ మాటంటూ అక్క ముక్కు ఎగబీల్చింది.

అంతే. పార్వతాలుకి అన్నం సయించలేదు. "ఏటండీ, ఆదివారంలోపు నా మెడ బాగుచేయించండి" అని మొగుడి వెంటపడింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. మంగళవారం నలుగురూ కలిసి అనకాపల్లి చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ మంచిది. వీళ్ళది టెంట్ హౌస్ అని విని, అర్థమయ్యేలా చెబుదామనుకుంది. అక్కడే వచ్చింది చిక్కు.

"చర్మం శామియానా లాంటిదమ్మా. లోపల కొలాజెన్ అని ఉంటుంది. గుడ్డని నిలబెట్టే కర్రల్లాంటిది. వయసు వస్తే ఆ కర్రలు బలహీనపడతాయి. ఎండ పడినా, పొగ తగిలినా ఇంకా తొందరగా పాడవుతాయి. మీరేమో ఒక్కసారిగా చిక్కిపోయారు. సాగిన చర్మానికి ముడుచుకునే టైము దొరకలేదు."

నూకరాజు మొహం వెలిగింది. "మా లైనే!" అన్నాడు తమ్ముడితో.

"ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?"

"లేదమ్మా," అంది పైడితల్లి. "నేను నిప్పు తింటాను."

డాక్టరమ్మ ఆ సంగతి వదిలేసింది. "మిషన్‌తో లోపల వేడి పుట్టిస్తే చర్మం కొంత బిగుస్తుంది. సన్న దారాలు వేసి పైకి లాగి పట్టే పద్ధతొకటుంది. మరీ జారితే ఆపరేషన్. ఏది చేసినా కొంతవరకే. పదహారేళ్ళ మెడ తిరిగి రాదు. ముందు కండ పట్టేలా తినండి, కాస్త వ్యాయామం చెయ్యండి, ఆర్నెల్లు చూద్దాం. ఒంటి మీద ఎండ పడనివ్వద్దు. మొహం గడప దాటే ముందు మాత్రం ఈ క్రీము దట్టంగా రాయండి. మర్చిపోకండి."

"మర్చిపోడమా? మేమా?" అన్నారు నలుగురూ.

ఆర్నెల్లన్న మాట తప్ప అన్నీ గుర్తుపెట్టుకున్నారు.

మర్నాడు క్రీము కొనడానికి వీధి చివర మందుల షాపుకి వెళ్ళాలి. ఒంటి మీద ఎండ పడకూడదు. ఇంకేముంది, చిన్న శామియానా తీశారు. నాలుగు మూలలకీ నాలుగు కర్రలు. ఒకటి నూకరాజు పట్టుకున్నాడు, ఒకటి అప్పలకొండ, ఒకటి పైడితల్లి. నాలుగోది పట్టుకునే మనిషి లేడు.

"నేనున్నాను కదా!" అని పార్వతాలు పట్టుకుంది.

అలా నలుగురూ నాలుగు మూలల బయట నడినెత్తిన ఎండ మోస్తూ బయల్దేరారు. మధ్యలో చల్లటి నీడ ఖాళీగా నడిచింది. ఆ నీడ చూసి ఎవరిదో మేకపోతు వచ్చి దూరింది. షాపు దాకా వచ్చింది, తిరిగి ఇంటి దాకా వచ్చింది.

"చూశావా వదినా," అన్నాడు అప్పలకొండ చెమట తుడుచుకుంటూ, "ఒక్క చుక్క ఎండ పడలేదు."

"నా మీద పడినట్టుందిరా."

"నీ సంగతి కాదు, మేక సంగతి. దాని మెడ చూడు, ఎంత బిగువుగా ఉందో! పనిచేస్తోంది!"

శనివారం వచ్చేసింది. పార్వతాలు అద్దంలో చూసుకుంటే కోడిపుంజు మెడ అలాగే ఉంది. ఇక దారాల వైద్యమే గతి అన్నాడు నూకరాజు. "దారాలకి అనకాపల్లి దేనికి? మన దగ్గర తాళ్ళే ఉన్నాయి. దారం కంటే తాడు గట్టిది కాదేటి?"

అంతే. పార్వతాలుని పెరడు మధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టారు. జుట్టు నాలుగు పాయలు తీసి నాలుగు జడలు వేశారు. ఒక్కో జడకి ఒక్కో తాడు. నాలుగు దిక్కులా నాలుగు మేకులు పాతుదామంటే మూడే దొరికాయి. నాలుగో తాడు నీడ కోసం ఇంకా అక్కడే తిరుగుతున్న మేకపోతుకి కట్టారు.

"లాగరా!" అన్నాడు నూకరాజు.

లాగారు. పార్వతాలు కనుబొమ్మలు నుదుటి మీదికి ఎక్కిపోయాయి. కళ్ళు మూతపడడం మానేశాయి. గడ్డం కింది చర్మం నిజంగానే కాస్త లేచింది.

"ఆహా!" అంది పైడితల్లి. "కోడలా, ఒకసారి నవ్వు!"

"తాడు వదిలితేగానీ నవ్వలేనత్తా."

అప్పుడే వచ్చాడు ఎర్రునాయుడు, కూతురి పెళ్ళికి శామియానా మాట్లాడుకోడానికి. గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏటిదిరా నూకరాజూ?"

"రండి నాయుడుగారూ. బిగింపు చూడండి. ఎక్కడైనా ఒక్క ముడత ఉందేమో చెప్పండి."

ఎర్రునాయుడు వెనక్కి తిరిగి పరిగెత్తాడు. ఆయన పరుగు చూసి మేక బెదిరింది. ఇంకేముంది! మేక తాడు లాక్కుని ఒక ఉరుకు ఉరికింది. తాడుతో జడ, జడతో తల, తలతో పార్వతాలు. మూడు మేకులూ పుటుక్కు పుటుక్కున ఊడి వెనకాలే వచ్చాయి. పెరడు చుట్టూ ఒక ప్రదక్షిణం, రెండో ప్రదక్షిణం. అది చూసి పైడితల్లికి నవ్వాగలేదు. నోరు తెరిచింది. ఏ నోట్లో ఉంటే ఇల్లంటుకోదో ఆ నోట్లోంచి చుట్ట జారి, మడతపెట్టిన పెద్ద శామియానా మీద పడింది.

సన్నగా సెగ, దాని మీద పొగ.

"పొగ!" అని కేకేశాడు నూకరాజు. "డాక్టరమ్మ పొగ తగలకూడదంది! మీ వదినని దూరంగా తియ్యరా!"

అన్నదమ్ములిద్దరూ పార్వతాలుని భుజాన వేసుకుని గోడ దాకా పరిగెత్తారు.

"అన్నయ్యా, వేడి తగిలితే బిగుస్తుందని కూడా అంది కదా?"

"అవునొరే! వెనక్కి తే!"

నిప్పు దగ్గరికి తెచ్చారు.

"పొగొస్తోంది!"

గోడ దగ్గరికి మోశారు.

"వేడి పోతోంది!"

మళ్ళీ తెచ్చారు. ఇలా నాలుగు సార్లు. నిప్పు మీద నీళ్ళు పొయ్యాలని ఎవరికీ తోచలేదు, ఆ మాట డాక్టరమ్మ చెప్పలేదు కాబట్టి. చివరికి పక్కింటావిడ గోడ మీంచి బిందె కుమ్మరించింది. శామియానాలో పళ్ళెమంత చిల్లు మిగిలింది. పార్వతాలు తలలో సగం జుట్టు మిగిలింది. గడ్డం కిందది మాత్రం యథాతథంగా మిగిలింది.

ఆదివారం మధ్యాహ్నం పార్వతాలు చిల్లు శామియానా ముందేసుకుని మాసిక వేస్తోంది. కుడుతూ కుడుతూ బొటబొటా ఏడ్చేసింది.

"జుట్టు గురించా?" అంది పైడితల్లి పక్కన చతికిలబడి.

"కాదత్తా. కెమెరా పాడవలేదు." అలా మొదటిసారి ఆ మాట బయటికొచ్చింది. "నేనే బొట్టు అంటించాను. ఈ మెడ అక్క చూస్తాదని. అక్కేమో నాకు కోపమనుకుంది. ఈరోజు నేను చెయ్యకపోతే ఇంక మాట్లాడదు."

పైడితల్లి చాలాసేపు ఆలోచించింది. ఆవిడ ఆలోచిస్తే బుగ్గల ముడతలన్నీ ఒకచోటికి చేరతాయి.

"నా మొహం చూడు. ఎలాగుంది?"

పార్వతాలు చూసింది. "వాన నీళ్ళు నిలిచిన శామియానాలా ఉందత్తా."

"ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నావు. ఎప్పుడైనా చూడ్డం మానేశావా?"

"మానేస్తే అన్నం ఎవరికి పెట్టాలో ఎలా తెలుస్తాది?"

"మరి మీ అక్కకి మాత్రం నువ్వెవరివో ఎలా తెలుస్తాదే?"

పార్వతాలు సూది కింద పెట్టింది. ఫోను తీసింది. గోటితో బొట్టు గీకి, పారెయ్యడమెందుకని నుదుట పెట్టుకుంది. అక్క పేరు మీద వేలు పెట్టబోయింది.

"ఆగు!" అని నూకరాజు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. "మొహం గడప దాటే ముందు క్రీము రాయమంది కదా! ఇప్పుడు నీ మొహం ఎక్కడికి వెళ్తోంది?"

"ఖరగ్‌పూర్‌కి."

"దారంతా ఎండే! ఏ దారిన వెళ్తోంది?"

"ఫోనులోంచి."

ఇంకేముంది. నలుగురూ కూర్చుని ఫోనుకి క్రీము పట్టించారు. ముందు, వెనక, కెమెరా కన్నులో కూడా. దట్టంగా. ట్యూబు ఖాళీ అయింది. ఫోను పెరుగులో ముంచి తీసిన గారెలా తయారైంది.

"వదినా, ఏమీ కనబడ్డం లేదే?" అన్నాడు అప్పలకొండ. "కాస్త తుడుద్దామా?"

"వద్దురా," అంది పార్వతాలు. మూడు నెలల తర్వాత ఆమె మొహం తాళ్ళేవీ లేకుండానే నవ్వుతోంది. "అంత దూరం వెళ్ళాలి, దారిలో తుడిచేస్తే ఎలా? నేను చేసేస్తాను. చేరాక అక్క అటువైపు నుంచి తుడుచుకుంటాది."