సుంకులమ్మ కొంగుచాటు పొట్లం

ఇలియాస్ పట్నంలో పోషకాహారం చదివినవాడు. ఖాదర్ పీరా గారికి శిష్యుడై ఏడాది తిరక్కముందే దర్గా వంటశాల పెత్తనం అతని చేతికొచ్చింది. నూనె తగ్గించాడు, ఉప్పు తగ్గించాడు. గురువు పెట్టింది తిన్నారు.

ఒక శుక్రవారం భోజనాల పంక్తిలో సుంకులమ్మ అనే ఆమె తన ఎనిమిదేళ్ల కూతురికి పొట్లం విప్పి ఫ్రెంచ్ ఫ్రైస్ తినిపిస్తోంది. ఇలియాస్ చూశాడు.

“ఏందమ్మా ఇది? నూనె, ఉప్పు తప్ప ఏముంది ఇందులో? కన్నబిడ్డకు విషం పెడతారా?” అన్నాడు, పంక్తంతా వినేట్టు.

ఆమె పొట్లం మడిచి కొంగుచాటున పెట్టుకుంది. పాప తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది.

భోజనాలయ్యాక గురువు పిలిచారు.

“ఆ వేపుడు చెయ్యడం వచ్చునా నీకు?”

“అందులో ఏముందో చెప్పగలను బాబా. చెయ్యడం రాదు.”

“అయితే రా.”

డెబ్బై దాటిన మనిషి కత్తిపీట ముందేసుకుని కూర్చున్నారు. బంగాళాదుంపలు చెక్కు తీసి వేలెడేసి ముక్కలు తరిగారు. చన్నీళ్లలో వేస్తే గంజి దిగి నీళ్లు తెల్లబడ్డాయి. వంపేసి మళ్లీ పోశారు. ఇలియాస్ చేత ఒక్కో ముక్కా గుడ్డతో తడి అద్దించారు. సన్నసెగ మీద ఒకసారి వేయించి, తీసి చల్లార్చి, నూనె బాగా కాగాక రెండోసారి వేయించారు. గంటన్నర పట్టింది.

పళ్లెం తనే పట్టుకుని వరండాలోకి వెళ్లారు. తల్లి ఒళ్లో పడుకున్న పాపకు ఒక ముక్క ఊది అందించారు. పాప మెల్లగా నమిలి మింగింది. రెండోది తనే తీసుకుంది.

సుంకులమ్మ కళ్లు తుడుచుకుంది.

“పదకొండు దినాల జొరం తాతా. బువ్వ పెడితే కక్కుతాంది. ఈ ఉర్లగడ్డ ఒక్కటే కడుపులో నిలుస్తాంది. ఏది తింటే అదే పెట్టమన్నాడు డాక్టరు. ఆ అన్న అడిగింటే చెప్పేదాన్ని.”

వెనకే వచ్చిన ఇలియాస్ అక్కడ నిలబడలేడు, అక్కణ్నుంచి కదలలేడు.

“నేను చెప్పింది తప్పా బాబా?” అన్నాడు.

“నూనె సంగతి సరిగ్గానే చెప్పావు నాయనా. బిడ్డ సంగతి ఎవర్ని అడిగావు?”

పళ్లెం ఖాళీ అయింది. ఇలియాస్ ముందుకొచ్చి దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

“ఇంకో వాయి వేస్తానక్కా,” అన్నాడు తల ఎత్తకుండానే. “పాపకు ఉప్పు ఏ మాత్రం కావాలి?”