పిల్లల్ని దించి పరుగెత్తిన ఎలుగు

అనగనగా చెట్లకన్నా రాళ్ళే ఎక్కువున్న ఒక అడవి. ఆ అడవిలో గుబురమ్మ అని ఒక ఎలుగుబంటి ఉండేది. ఒళ్ళంతా నల్లటి జుట్టు. ముక్కు పొడుగు. రోషం అంతకన్నా పొడుగు. దానికి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు బొంతడు, వాడికి ఎప్పుడూ తిండి ధ్యాస. చిన్నది రేగు, దానికి ఎప్పుడూ ప్రశ్నల ధ్యాస.

ఎలుగుల ఇంటి పద్ధతి ఒకటుంది, చెప్తాను వినండి. పులి తన పిల్లని నోట కరుచుకుని పోతుంది. ఏనుగు కాళ్ళ మధ్య నడిపిస్తుంది. ఎలుగు అలా కాదు. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుంటుంది. పిల్లలు అమ్మ జుట్టు గుప్పిళ్ళతో పట్టుకుని కూచుంటారు. గుబురమ్మని వాళ్ళమ్మ అలాగే మోసింది. వాళ్ళమ్మని వాళ్ళ అమ్మమ్మ అలాగే మోసింది.

గుబురమ్మ కాపురం ఒక బండ కింద గుహలో. గుహ మూతి ఇరుకు. లోపల రాతి పగులులో ఎప్పుడూ నీటి చెమ్మ ఉండేది. ఇప్పచెట్లు మాత్రం దూరం. గుహకీ ఆ చెట్లకీ మధ్య పెద్ద బయలు. ఎండాకాలం వస్తే ఆ బయల్లో గడ్డి కూడా మాడిపోతుంది. దాక్కుందామంటే పొద లేదు. ఎక్కుదామంటే చెట్టు లేదు. అయినా పోక తప్పదు. తెల్లారేసరికి ఇప్పపువ్వు రాలుతుంది. అది కడుపునిండా తింటేనే గుబురమ్మకి పాలు పడేవి.

ఆ ఏడు అడవిలోకి రేచుకుక్కలు వచ్చాయి. ఎర్రగా ఉంటాయి, గుంపుగా తిరుగుతాయి. ఊరకుక్కల్లా మొరగవు. ఈల వేస్తాయి. ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి ఈల వేసుకుంటూ చుట్టుముడతాయి.

ఒకరోజు పొద్దున్నే గుబురమ్మ ఇప్పపువ్వు ఏరుతోంది. ఈల వినిపించింది.

"ఎక్కండర్రా!" అంది. పిల్లలు వీపెక్కారు. గుబురమ్మ గుహవైపు పరుగు తీసింది. నలభై అంగలు వేసిందో లేదో డొక్కలు ఎగిసిపడ్డాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. ఇంక లాభం లేదని వెనక్కి తిరిగి ఇప్పచెట్టు ఎక్కేసింది.

రేచుకుక్కలు ఎక్కడికీ పోలేదు. చెట్టు కింద చుట్టూ కూచున్నాయి. ఆ పగలంతా కూచున్నాయి. మర్నాడు పగలు కూడా కూచున్నాయి.

"అమ్మా, నీళ్ళు," అంది రేగు.

"కాసేపాగు తల్లీ."

"కాసేపు అంటే ఎంత?"

గుబురమ్మ కింద కూచున్న కుక్కల వంక చూసింది. రేగు నాలుక ఎండి బయటికి వేలాడింది. బొంతడు ఆకలి మాటే ఎత్తలేదు. వాడు ఆకలి మాట ఎత్తకపోతే ప్రాణం మీదికి వచ్చిందన్నమాటే. చివరికి దూరంగా ఒక అడవిపందుల మంద పోతుంటే చూసి రేచుకుక్కలు అటు మళ్ళాయి. దానివల్ల బతికారు, లేకపోతే లేదు.

ఆ రోజునుంచి గుబురమ్మకి కుదురు పోయింది. కూచుంటే లేచేది. లేస్తే గుహ చుట్టూ తిరిగేది. వెదురు పొదలో గాలి ఊదినా తల ఎత్తేది. పిల్లలకి పాలిస్తూ పాలిస్తూ మధ్యలో లేచి గుమ్మంలోకి పోయేది.

"అమ్మా, ఒక్కచోట ఉండవేం?" అనేవాడు బొంతడు.

"ఉంటే ఎట్లారా? మళ్ళీ వస్తాయి అవి. ఆ బయలు ఆగకుండా దాటడం నాకు రావాలి. రాకపోతే మీరు నాకు దక్కరు."

అదే బండకి అవతలి పక్క బొరియలో ఒక ముసలి ముళ్ళపంది ఉండేది. దాన్ని అందరూ ముళ్ళత్త అనేవాళ్ళు. గుబురమ్మ దాని బొరియ ముందు అటూ ఇటూ తిరిగింది.

"ఏమే, పొద్దున్నుంచీ నా గుమ్మం తొక్కుతున్నావు? నేల అరిగిపోతుంది. సంగతేంటో చెప్పు," అంది ముళ్ళత్త.

"పరుగు నేర్చుకోవాలత్తా."

ముళ్ళత్త దాన్ని కాళ్ళనుంచి తలదాకా చూసింది. "నేర్చుకో. కానీ పిల్లల్ని వీపు మీద పెట్టుకునే నేర్చుకో. ఇవాళ ఇరవై అంగలు. ఆయాసం రాకముందే ఆగు. రేపు ఇంకో రెండు అంగలు కలుపు."

"రెండంగలా! అలాగైతే నేను బయలు దాటేసరికి నా పిల్లలకి పిల్లలు పుడతారు!"

"పుట్టనీ. అప్పుడు మనవల్ని ఎక్కించుకుని పరుగెత్తుదువుగాని."

గుబురమ్మకి ఒళ్ళు మండింది. ఇంత బతుకు బతికి ఇరవై అంగలేమిటి అనుకుంది. విసవిసా నడిచి నేరుగా దుప్పి దగ్గరికి పోయింది.

ఆ దుప్పి పేరు చెంగమ్మ. సన్నటి కాళ్ళు. అడవిలో పరుగంటే తనదే అని దానికి పేరు. ఆ పేరు అందరికన్నా ఎక్కువగా అదే చెప్పుకునేది.

"వీపు మీద సంసారం పెట్టుకుని ఎవరైనా పరుగెడతారా వదినా?" అంది చెంగమ్మ. "దించెయ్. నన్ను చూడు. నా బిడ్డని గడ్డిలో పడుకోబెట్టి వస్తాను. మళ్ళీ నేను పోయేదాకా వాడు చెవి కూడా కదపడు. రేపు పొద్దున నాతో రా. వారంలో నిన్ను గాలిని చేస్తాను."

గుబురమ్మకి ఈ మాట తీపిగా తగిలింది. తేలిగ్గా ఉన్న మాట ఎవరికైనా తీపిగానే ఉంటుంది.

మర్నాడు పిల్లల్ని గుహలో కూచోబెట్టింది. "నేను వచ్చేదాకా చెవి కూడా కదపకూడదు," అంది. చెంగమ్మ వెనక పరుగు తీసింది. మొదటిరోజే బయలు సగందాకా పోయి బోర్లా పడింది. ముక్కునిండా దుమ్ము. అక్కడ ఇంకో ఆరు దుప్పులు మేస్తున్నాయి.

"చెంగీ, నీ వెనక ఆ దుమ్మేంటే? గున్న ఏనుగు తప్పిపోయి వచ్చిందేమో అనుకున్నాం!" అని నవ్వాయి. చెంగమ్మ కూడా నవ్వింది. మొత్తం ఏడు నవ్వాయి. గుబురమ్మ లెక్కపెట్టుకుంది. మర్చిపోలేదు, మర్చిపోవాల్సిన పనీ లేదు.

మూడురోజులు కాలు నేలమీద పెట్టలేకపోయింది. నాలుగోరోజు పట్టుదలగా మళ్ళీ లేచింది.

గుహలో పిల్లల సంగతి చూడాలి. గుబురమ్మ పరుగుకి పోయిన మొదటిరోజు బొంతడు రాతి పగుల్లో తల దూర్చి ఇరుక్కున్నాడు. రెండోసారి పోయినప్పుడు రేగు గుమ్మం బయటికి వచ్చింది, పైన గద్ద వచ్చి రెండు చుట్లు తిరిగిపోయింది. మూడోసారి ఇద్దరూ కొట్టుకుని ముక్కులు కొరుక్కున్నారు. గుబురమ్మ కాళ్ళు ముందుకి పోతుంటే చెవులు వెనక్కి ఉండేవి. సగంలో తిరిగొచ్చి అరిచేది.

"చెంగమ్మ బిడ్డని చూసి నేర్చుకోండి! చెవి కదపడట!"

"వాళ్ళకి అట్లా ఉండటం వచ్చు. మాకు నిన్ను పట్టుకోవడం ఒక్కటే వచ్చు," అంది రేగు.

ఆ మాట అక్కడే విని ఉంటే ఇంత కథ ఉండకపోను. గుబురమ్మ వినలేదు. దానికి పరుగు ఒక్కటే లోకమైపోయింది. నెల తిరిగేసరికి బయలు ఆగకుండా దాటేసింది. చెంగమ్మలా గెంతులు కూడా వేసింది. ఇంటికి వచ్చేసరికి నడుము పట్టేసేది. పిల్లలు వీపెక్కబోతే, "దిగండి! ఒళ్ళు నొప్పులు. కాళ్ళున్నాయిగా, నడవండి," అనేది. ఇప్పచెట్ల దాకా వాళ్ళు వెనకే నడిచేవాళ్ళు. నడిచీ నడిచీ వాళ్ళ గుప్పిళ్ళకి పట్టు మరుపొచ్చింది. ఇది ఎవరూ గమనించలేదు.

మళ్ళీ ఒకరోజు పొద్దున ఇప్పచెట్ల దగ్గర ఈల వినిపించింది.

ఈసారి గుబురమ్మ బెదరలేదు. "ఎక్కండర్రా! మీ అమ్మ పరుగు చూద్దురుగాని!" అంది. పిల్లలు ఎక్కారు. గుబురమ్మ గాలిలా పోయింది. గుంతలు గెంతింది, రాళ్ళు గెంతింది. బయలు సగం దాటింది. ఉన్నట్టుండి వీపు తేలికైంది.

ఎంత హాయిగా ఉందో అనుకుంది ఒక్క క్షణం. మరుక్షణం వీపు మీద ఉండాల్సిన బరువు గుర్తొచ్చింది.

వెనక్కి తిరిగి చూసింది. దూరంగా దుమ్ములో నల్లటి ఉండలా రేగు పడి ఉంది. బొంతడు ఒక్క చేత్తో డొక్క మీద వేలాడుతున్నాడు. రేచుకుక్కలు రేగు వైపే వస్తున్నాయి.

బొంతడు ఎట్లాగో పైకి పాకి మెడ కరుచుకున్నాడు, గుబురమ్మ వచ్చిన దారినే వెనక్కి ఉరికింది. అది చేరేసరికే ఒక కుక్క రేగు చెవి పట్టేసింది. గుబురమ్మ వెనక కాళ్ళ మీద లేచి నిలబడి అరిచింది. రాళ్ళు మారుమోగాయి. ముందు కాలితో ఒక్కటిచ్చింది. ఆ కుక్క దొర్లుకుంటూ పోయింది, చెవి సగం దాని నోట్లోనే పోయింది. రేగుని కాళ్ళ మధ్య పెట్టుకుని, ఎదురు తిరిగి అరుస్తూ, గుబురమ్మ గుహవైపు అడుగడుగూ వెనక్కి నడిచింది. ఎండెక్కింది. కుక్కల పళ్ళకి డొక్కలు చీరుకుపోయాయి. నేర్చుకున్న పరుగు ఒక్క అంగ కూడా అక్కరకు రాలేదు. ఎట్లాగో గుహలో పడ్డారు.

రెండురోజుల తర్వాత చెంగమ్మ పరామర్శకి వచ్చింది.

"పిల్లని జారవిడిచావట కదా వదినా! నేను చెప్పినట్టు ఎక్కడన్నా దాచిపెట్టి ఉంటే ఈ గొడవే లేకపోను."

"నీ బిడ్డకి దాక్కోవడం పుట్టుకతో వచ్చింది," అంది గుబురమ్మ. "నా బిడ్డలకి పట్టుకోవడం పుట్టుకతో వచ్చింది. దాన్ని నేనే మరిపించాను. నువ్వింక వెళ్ళు."

ఆ తర్వాత చెంగమ్మ ఎదురొస్తే గుబురమ్మ మొహం తిప్పుకుని పోయేది. నేనైతే దాన్ని తప్పు పట్టను.

గాయాలు మానాయి. గుబురమ్మ వంగి నిలబడి, "ఎక్కండి," అంది. బొంతడు ఎక్కాడు. రేగు గోడకి అతుక్కుంది.

"నేను ఎక్కను. నువ్వు పడేస్తావు."

 అది అబద్ధమని గుబురమ్మ ఎట్లా అంటుంది? పగలంతా గుహలో తిరిగింది. బయటికి పోయింది, లోపలికి వచ్చింది. పొద్దువాలే వేళకి రేగు పక్కన కూచుని, "నేను పరుగెత్తను. నడుస్తాను. నువ్వు ఆగమంటే ఆగుతాను. సరేనా?" అంది.

"ఎక్కడ ఆగమన్నా ఆగుతావా?"

"ఎక్కడ ఆగమన్నా."

రేగు ఎక్కింది. గుబురమ్మ పది అంగలు వేసిందో లేదో, "ఆగు!" అంది. ఆగింది. మళ్ళీ పది అంగలు. "ఆగు!" ఆగింది. ఆ రోజుకి అంతే.

రెండో రోజు ఇరవై అంగలు కాస్త జోరుగా వేసింది. మూడోరోజు బొంతడు ఎక్కీ ఎక్కగానే, "అమ్మా, ఉచ్చొస్తోంది," అన్నాడు. దించింది. ఎక్కించింది. అప్పుడు రేగుకి వచ్చింది. ఆ రోజు పరుగు సున్నా. ఒకరోజు ఒకరికి తుమ్ములు, ఇంకోరోజు ఇద్దరికీ అలక. అయినా ఏ రోజు కుదిరితే ఆ రోజు ఎక్కించుకునే పోయింది. పక్కన మేసే దుప్పులు, "అదిగో, ఊరేగింపు బయల్దేరింది!" అని నవ్వేవి. గుబురమ్మ తల తిప్పేది కాదు.

పిల్లలు కూడా నేర్చుకున్నారు. అమ్మ గుంత గెంతేముందు వీపుకి బల్లుల్లా కరుచుకోవడం. మలుపు తిరిగితే పళ్ళతో కూడా జుట్టు పట్టుకోవడం. కానీ వాళ్ళు రోజురోజుకీ బరువెక్కుతున్నారు.

"అత్తా, నేను నాలుగంగలు పెంచితే వీళ్ళు ఒళ్ళు పెంచుతున్నారు. ఇది తెమిలేది కాదు," అంది గుబురమ్మ.

"మోసేకొద్దీ నీ కాళ్ళు కూడా గట్టిపడుతున్నాయి. అది నీకు కనబడదు, నాకు కనబడుతుంది," అంది ముళ్ళత్త. "ఇంక నా గుమ్మం తొక్కకు, పో."

ఇప్పపువ్వు అయిపోవచ్చింది. చివరి పూలు ఏరుతుండగా మూడోసారి ఈల వినిపించింది. ఒక్కటి కాదు. మూడు పక్కల నుంచి.

గుబురమ్మ కేక వెయ్యలేదు. వంగింది. పిల్లలు ఎక్కేశారు. బయల్లోకి దిగింది. గెంతులు లేవు. దుప్పి నడకలు లేవు. ఎలుగు పరుగు ఎలా ఉంటుందో అలాగే, బరువుగా, ఆగకుండా పోయింది.

"అమ్మా, దగ్గరికి వస్తున్నాయి!" అన్నాడు బొంతడు.

"వెనక్కి చూడకు. పట్టుకో."

"అమ్మా, ఇంకా దగ్గరికి!"

"పట్టుకోరా!"

నాలుగు గుప్పిళ్ళు, రెండు నోళ్ళు జుట్టు పట్టి లాగుతున్నాయి. గుబురమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నొప్పి ఉన్నంతసేపూ దానికి ధైర్యం. నొప్పి ఉందంటే పిల్లలున్నట్టే. బయలు సగం దాటింది. నొప్పి ఉంది. రాళ్ళ గుంతలు దాటింది. నొప్పి ఉంది. ముందున్న రేచుకుక్క ఎగిరి వెనక కాలు అందుకోబోయింది. దాని నోటికి గుప్పెడు జుట్టు వచ్చింది, అంతే. గుబురమ్మ గుహ మూతిలో దూరి, గిర్రున తిరిగి, గోళ్ళు చాపి నిలబడింది. ఆ ఇరుకులోకి ఒక్కటీ రాలేకపోయింది. మధ్యాహ్నందాకా ఎండలో కూచుని, నాలుకలు వేలాడేసుకుని, నీళ్ళు వెతుక్కుంటూ పోయాయి.

"దిగండి, పోయాయి," అంది గుబురమ్మ.

పిల్లలు దిగలేదు. దిగుదామన్నా వాళ్ళ వేళ్ళు విచ్చుకోవడంలేదు. గుబురమ్మ మెల్లగా నేలమీద వాలింది. మెడ తిప్పి, ఒక్కొక్క గుప్పిటనీ నాకి నాకి విప్పింది. నాలుగు గుప్పిళ్ళు. నాలుగింటి నిండా తన జుట్టే.

నీతి: పిల్లలున్నవాళ్ళు కొత్త పని నేర్చుకోవాలంటే పిల్లల్ని కలుపుకునే నేర్చుకోవాలి, పక్కవాళ్ళ వేగం చూసి కాదు, తమ వీపు మీది బరువు చూసుకుని అడుగు వెయ్యాలి.