కొంగ ముక్కు, చుక్కవ్వ జ్ఞాపకం

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలమొస్తే ఇసుక తప్ప ఏమీ మిగలని వాగొకటి ఉండేది, పిల్లలూ. ఆ వాగు గట్టున ఒక దుప్పుల మంద బతికేది. మందలో అందరికన్నా పెద్దది చుక్కవ్వ. పళ్ళు అరిగిపోయాయి గానీ, పాత కబుర్లు ఒక్కటీ అరగలేదు. "మా అమ్మ ఉన్న రోజుల్లో..." అని మొదలుపెడితే పొద్దుగూకాల్సిందే.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మడుగులు ఇంకిపోతున్నాయి. నీళ్ళు దొరక్కపోతే మంద చెట్టుకొకటీ పుట్టకొకటీ అయిపోతుందని చుక్కవ్వకు బెంగ పట్టుకుంది.

అప్పుడు బారుకాళ్ళ కొంగ వచ్చింది.

"బెంగెందుకవ్వా? మడుగులన్నీ దిగి కొలిచొచ్చాను. బండల కిందిది అన్నిటికన్నా లోతు. నా కాలు అబద్ధమాడదు" అంది.

పొద్దు వాలుతుండగా మంద అక్కడికి వెళ్ళింది. పిల్లలు మూతి పెట్టబోతుంటే చెట్టు మీది నెమలి పలకరించింది.

"లోతు కొలిచారు, సరే. పొద్దు వాలాక ఇక్కడికి ఎవరొస్తారో నన్నడిగారా? చిరుతపులి వస్తుంది."

ఇంకేముంది, అందరూ పరుగో పరుగు.

"కొలతలు నమ్ముకుంటే ఇంతే" అంది చుక్కవ్వ, కొంచెం గర్వంగానే. "నాతో రండి. వాగు మలుపులో మా అమ్మ గిట్టలతో ఇసుక తవ్వి చెలమ తీసేది. ఆ నీళ్ళ తీపి ఇంకా నా నాలుక మీదే ఉంది."

మలుపులో ఎంత తవ్వినా పొడి ఇసుకే. వరదలొచ్చి వాగు ఎప్పుడో పక్కకు జరిగిపోయింది. అవ్వ చిన్ననాటి మలుపు ఇప్పుడు లేదు.

"ఇక్కడే, మా అమ్మ ఇక్కడే నిలబడేది" అంటూ చుక్కవ్వ కంటతడి పెట్టుకుంది. ఒక దుప్పిపిల్ల వచ్చి ఆ కన్నీళ్ళు నాకింది. దాహం మరి.

ఎగతాళి చేద్దామని వచ్చిన కొంగకు నవ్వు రాలేదు. అవ్వ పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

"అవ్వా, చోటు సంగతి వదిలెయ్. మీ అమ్మ ఏం చేసేదో చెప్పు."

చుక్కవ్వ కళ్ళు మూసుకుంది.

"తెల్లారగట్టే లేపేది. జమ్ముగడ్డి ఉన్నవైపు నడిపించేది. ఎండి మోళ్ళయినా సరే, అటే. కాలి కింద ఇసుక చల్లగా తగిలితే ఆగి తవ్వేది. నేనేమో ఆమె పొట్ట కింద దూరి మళ్ళీ నిద్రపోయేదాన్ని." అవ్వ అమ్మను వెతుకుతున్నట్టు మూతి వంచి ఇసుక వాసన చూసింది. అమ్మ గుర్తొస్తే ఏ వయసులోనైనా అంతే.

వాగు వెంట జమ్ము మోళ్ళు చాలాచోట్ల ఉన్నాయి. అన్నిచోట్లా తవ్వే ఓపిక మందకు లేదు. కొంగ ఒక్కోచోటా ఇసుకలో ముక్కు దించి చూసింది. ఒకచోట ముక్కంతా దిగినా పొడే. ఇంకోచోట కొస మాత్రం తడిసింది. రేగుపొద దగ్గర సగం దిగేసరికే తడి తగిలింది.

"ఇక్కడ తవ్వండి" అంది కొంగ.

దుప్పులు తవ్వాయి. ముందు చెమ్మ, తర్వాత బురద, ఆ తర్వాత నీళ్ళూరాయి. పిల్లలన్నీ తాగాక చుక్కవ్వ మూతి పెట్టింది. తాగి, చాలాసేపు తల ఎత్తలేదు.

"నా ముక్కు లెక్క సరిపోయిందా, అవ్వా?"

"సరిపోయింది నాయనా. అవే నీళ్ళు. మా అమ్మ పక్కనే నిలబడినట్టుంది."

ఆ ఏడు మంద చెదరలేదు. ఆ తర్వాత చుక్కవ్వ కబుర్లు మొదలుపెడితే, అందరికన్నా ముందు కొంగే వచ్చి నిలబడేది.

నీతి: కొలిస్తే తెలిసేది సగం, అడిగితే తెలిసేది సగం, రెండూ కలిస్తేనే దాహం తీరుతుంది.