అద్దకాలపేటలో ఇంగ్లీషు పరీక్ష

అనగనగా ఒక రాజుగారి బళ్ళో ఇంగ్లీషు పరీక్ష రాసిన ముప్పై ఒక్క మందికీ నూటికి నూరు మార్కులు వచ్చాయి. కొంప మునిగింది అక్కడే.

నవ్వకే లల్లీ. అందరికీ నూరొస్తే మంచిదే కదా అంటావు. ఆ రాజూ అలాగే అనుకున్నాడు. ఊ కొడుతూ వినండి, మంచిదో కాదో మీకే తెలుస్తుంది. ఒరే కిట్టూ, నువ్వు కూడా. కళ్ళు మూసుకున్నా సరే, నోరు మాత్రం తెరిచి ఉండాలి.

ఆ ఊరి పేరు అద్దకాలపేట. ఊరంతా బట్టల మీద అచ్చులు అద్ది బతికేవాళ్ళు. టేకు చెక్క మీద పువ్వో చిలకో చెక్కడం, దాన్ని రంగులో ముంచడం, బట్ట మీద గుద్దడం. ముంచు, గుద్దు, ఎత్తు. ముంచు, గుద్దు, ఎత్తు. పొద్దస్తమానం ఇదే చప్పుడు. వాళ్ళకో ఆచారం ఉండేది. ఒకసారి చెక్కిన అచ్చును మూడు తరాలు వాడాలి. తాత చెక్కిన మామిడిపిందె అచ్చుతోనే మనవడు చీరలు అద్దాలి. పాత అచ్చు బాగుండగా కొత్తది చెక్కితే, పాతది చెక్కినవాడికి పెద్ద అవమానం. చీరలకైతే బాగానే ఉంది. కానీ వాళ్ళు ఇంగ్లీషు పరీక్షకు కూడా అచ్చు చెక్కించారు!

అవునర్రా. బళ్ళో పెద్ద తరగతుల పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పేరిశాస్త్రిగారు పంతొమ్మిదేళ్ళ కిందట నూరు ప్రశ్నలు తయారుచేశారు. ఖాళీలు పూరించండి, తప్పు దిద్దండి, ఈ మాటకు అర్థం ఏది, ఆ మాటకు వ్యతిరేకం ఏది. ప్రతి ప్రశ్న కిందా ఏ, బీ, సీ, డీ అని నాలుగు జవాబులు. సరైనదాని అక్షరం రాసేస్తే చాలు. ఆ ఊళ్ళో కాగితానికి కరువుగానీ బట్టకు కరువు లేదు. నూరు ప్రశ్నలూ పెద్ద టేకు పలక మీద చెక్కించి, బట్ట మీద అద్ది, పిల్లలకు పంచారు. మరుసటి ఏడు? అదే అచ్చు. ఆ మరుసటి ఏడు? అదే అచ్చు. అచ్చు కదా, ఒక్క అక్షరం అటూ ఇటూ కాదు, నా పరీక్ష అందరికీ సమానం అని శాస్త్రిగారికి మహా గర్వం.

మరి పరీక్ష అయ్యాక ఆ బట్టలేం చేశారు? పారేశారా? అద్దకంవాళ్ళు గుడ్డపీలిక కూడా పారెయ్యరు. ప్రశ్నల బట్ట దిండు గలీబు అయింది. గలీబు చిరిగితే సంచీ అయింది. సంచీ చిరిగితే ఉయ్యాల గుడ్డ అయింది. ఉయ్యాల గుడ్డ చిరిగితే మసిగుడ్డ అయింది. మసిగుడ్డ చిరిగితే... సరే, అక్కడాపుదాం. పంతొమ్మిదేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో ప్రశ్నలు లేని ఇల్లు లేదు. పిల్లలు ప్రశ్నల మీద పడుకునేవాళ్ళు, ప్రశ్నలతో ముక్కు తుడుచుకునేవాళ్ళు. తల్లులు ఉయ్యాల ఊపుతూ జవాబుల్నే జోలపాట కట్టుకున్నారు.

బీ సీ ఏ డీ, జోజో బీ,
డీ డీ ఏ సీ, జోజో సీ,
ఏ ఏ బీ డీ, బజ్జో డీ!

ఇలా నూరు అక్షరాలూ పాటే. పదో తరగతికొచ్చిన పిల్లలు ప్రశ్న వంక చూడనైనా చూడరు. లోపల్లోపల జోల పాడుకుంటూ గడగడా రాసేస్తారు.

ఆ ఏడు శాస్త్రిగారికి చూపు మందగించింది. అప్పుడే ఇంటికి కొత్తకోడలు వచ్చింది. పేరు వరహాలు. పొరుగు రాజ్యంలో పెద్ద చదువు చదువుకున్న పిల్ల. ఇంట్లో దోసెలు పొయ్యడంకన్నా బళ్ళో పాఠం చెప్పడం ఇష్టం. మామగారి బదులు తనే బడికి వెళ్ళింది. మూడు నెలలు చెప్పింది, పరీక్ష పెట్టింది, దిద్దడానికి కూచుంది. నూరు. నూరు. నూరు. పరీక్షకు ఆలస్యంగా వచ్చి, ప్రశ్నల బట్ట చేతికి అందకముందే రాసిచ్చి వెళ్ళిపోయినవాడికీ నూరే!

మర్నాడు తరగతిలో గవరమ్మ అనే పిల్లను లేపింది. గవరమ్మంటే ఊళ్ళో పెద్ద వాగుడుకాయ. నిద్రలో కూడా నోరు ఆగదు. ఆ పిల్లను వరహాలు ఇంగ్లీషులో పొద్దున ఏం తిన్నావని అడిగింది.

గవరమ్మ చేతులు కట్టుకుని, "బీ" అంది.

"ఏం తిన్నావే అని అడిగానమ్మా."

"అయితే సీ అండీ?"

"అన్నమా? అట్టా?"

"అవి ఎన్నో ప్రశ్నలో ఉన్నాయండీ, పంతులమ్మగారూ?"

వరహాలు ఇంటికెళ్ళి మామగారి ముందు నిలబడింది. "మావయ్యగారూ, ఈ పిల్లలకు ఇంగ్లీషు రాదండీ."

"నూరొచ్చిన పిల్లలకు రాదంటావేమిటమ్మాయ్?"

"నూరొచ్చిందండీ. ఇంగ్లీషు రాలేదు."

అంతే. శాస్త్రిగారు మూడు రోజులు కోడలి చేతి మజ్జిగ ముట్టుకోలేదు.

ఊ అనండర్రా! ఇక్కడే రాజు చేసిన నిర్వాకం వస్తుంది.

రాజు పేరు కోదండభూపతి. మీసాలు బారెడు, ఇంగ్లీషు సున్నా. అందరికీ నూరు అనగానే ఉబ్బిపోయి, రేవు రాణికి జాబు పంపాడు. రేవు రాణి సముద్రం ఒడ్డున ఉంటుంది. ఆవిడ రేవుకు దేశదేశాల ఓడలొస్తాయి, అక్కడ పెద్దబడి ఉంది, అందులో చేరాలంటే ఇంగ్లీషు రావాలి. అంత బాగా వచ్చిన పిల్లలయితే మా బళ్ళో చేర్చుకుంటాం, తొమ్మిదో రోజున నేనే వచ్చి పరీక్ష చూస్తాను అని ఆవిడ తిరుగు జాబు రాసింది. రాజు సభలో మీసం దువ్వి ప్రతిజ్ఞ చేశాడు. ఒక్క పిల్ల తప్పినా ఈ బడి ఎందుకు, మూసేసి నా ఏనుగుల్ని కట్టేస్తాను, పిల్లల్ని రంగు తొట్ల దగ్గరికి పంపేస్తాను అన్నాడు. తప్పరని నమ్మకం మరి.

బడి పోతే ముప్పై ఒక్క మందీ పోతారు. కొత్త ప్రశ్నలు పెట్టి నిజంగా నేర్పుదామని వరహాలు అచ్చులు చెక్కే గురునాథం దగ్గరికి పరిగెత్తింది. "మా నాన్న చెక్కిన అచ్చు బంగారంలా ఉండగా కొత్తదా? నన్ను కులంలోంచి వెలేస్తారు తల్లీ. అయినా నూరు ప్రశ్నలు చెక్కాలంటే ఆరు నెలలు" అన్నాడతను. రాజు దగ్గరికి పరిగెత్తింది. నూరు తెచ్చే అచ్చును ఎవరైనా మారుస్తారటమ్మా అని రాజు నవ్వి పంపేశాడు. మామగారి దగ్గరికి పరిగెత్తలేదు. మజ్జిగ సంగతి మీకు తెలుసుగా.

బళ్ళోకొచ్చి కూచుని ఆలోచించింది. ఆ బట్ట మీద కనీసం నాలుగు వందల మాటలున్నాయి. పుట్టినప్పట్నించీ వాటి మీదే దొర్లారు, కాబట్టి మాటలు పిల్లలకు తెలుసు. మేక ఏదంటే వేలు పెట్టి చూపిస్తారు. పంచె ఏదంటే చూపిస్తారు. నోట్లోకి మాత్రం ఒక్కటీ రాదు. ఎందుకొస్తుంది? అడిగేవాళ్ళకు జవాబు తెలుసు. చెప్పేవాళ్ళకూ తెలుసు. ఇద్దరికీ తెలిసినదాన్ని కష్టపడి చెప్పడం దేనికి?

అప్పుడు గవరమ్మను పిలిచింది. "నిన్న మీ ఇంట్లో అంత గోలేమిటే?"

"అయ్యో, పంతులమ్మగారూ, ఏం చెప్పమంటారూ..." అని గవరమ్మ తెలుగులో అందుకోబోయింది.

"ఇంగ్లీషులో అయితేనే వింటాను. లేకపోతే నాకక్కర్లేదు."

గవరమ్మకు నోరు మూసుకోవడమంటే ప్రాణం మీదికొస్తుంది. గుటకలు మింగింది. గింజుకుంది. చివరికి ఒక్క మాట ఊడిపడింది. ఇదంతా ఇంగ్లీషులోనే సుమా, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"మేక" అంది.

ఏం మేక? నల్ల మేక.

నల్ల మేక ఏం చేసింది? నల్ల మేక తినేసింది.

నల్ల మేక ఏం తినేసింది? నల్ల మేక పంచె తినేసింది.

నల్ల మేక ఎవరి పంచె తినేసింది? నల్ల మేక మావయ్య పంచె తినేసింది.

నల్ల మేక మావయ్య పంచె ఎప్పుడు తినేసింది?

"మావయ్య కట్టుకుని ఉండగా!"

తరగతి తరగతంతా ఘొల్లుమంది. ఆ తరవాత చూడాలి! ప్రతి పిల్లకూ పక్కింటి సంగతి చెప్పాలని ఉంది, ప్రతివాడికీ తన బాబాయి గుట్టు బయటపెట్టాలని ఉంది. పంతులమ్మేమో ఇంగ్లీషులో అయితేనే వింటుంది. చెబుతుంటే మాట తప్పు పడేది, ఆవిడ దిద్దేది. మళ్ళీ చెబితే ముందు చెప్పినదానికన్నా మెరుగయ్యేది. ఎనిమిది రోజులూ ఆ బళ్ళో పాఠం లేదు, ఊరి కబుర్లే.

కిట్టూ, ఊ ఏదీ? ఆఁ, అలా.

తొమ్మిదో రోజు రేవు రాణి పల్లకీ దిగింది. బొద్దుగా ఉంటుంది, తొందర మనిషి. రాజు పట్టుబట్టి పాత బట్టలే పంచించాడు. రాణి తాంబూలం చుట్టి నోట్లో పెట్టుకునేలోపు ముప్పై ఒక్క మందీ రాసేసి చేతులు కట్టుకున్నారు. రాణి చూసింది. ముప్పై ఒక్క నూర్లు. రాజు మీసం పైకి లేచింది.

సరిగ్గా అప్పుడే కిటికీ బయట ఒక తల్లి చంటిపిల్లను ఉయ్యాల్లో ఊపుతూ పాట ఎత్తుకుంది. బీ సీ ఏ డీ, జోజో బీ... రాణి చెవి రిక్కించింది. చేతిలో ఉన్న జవాబుల మీద వేలు పెట్టింది. పాట నడిచినంత మేరా వేలు నడిచింది. ఒక్కటీ తప్పలేదు.

"మహారాజా, ఆ ఉయ్యాల్లో పిల్లకు కూడా నూరొస్తుంది. దాన్నీ మా బళ్ళో చేర్చుకోమంటారా?" అంది.

రాజు ముఖం కందగడ్డ అయిపోయింది. మావటివాళ్ళనీ ఏనుగుల్నీ పిలవండని అరిచాడు. ఏనుగులు రానే వచ్చాయి. ఒకటి కిటికీలోంచి తొండం పెట్టి నల్లబల్ల తుడిచేసింది కూడా.

వరహాలు ముందుకొచ్చింది. "అమ్మా, రాణిగారూ, ఒక్క మనవి. మీకు జవాబు తెలియని ప్రశ్న ఏదైనా ఈ పిల్లల్ని అడగండి."

"నాకే జవాబు తెలియకపోతే తప్పో ఒప్పో నాకెలా తెలుస్తుందమ్మా?"

"మీకు అర్థమైతే ఒప్పు. అర్థం కాకపోతే తప్పు."

రాణికి ఇది నచ్చింది. ముందు వరసలో తైతక్కలాడుతున్న గవరమ్మను చూసి, మీ రాజుగారి గురించి నాకు తెలియనిదేదైనా చెప్పు అని ఇంగ్లీషులో అడిగింది. వరహాలుకు పై ప్రాణాలు పైనే పోయాయి. గవరమ్మ పిన్ని కోటలో బట్టలుతుకుతుంది! కానీ ప్రశ్న బయటికొచ్చేసింది, ఇంకేం చెయ్యగలదు? గవరమ్మ ఊపిరి పీల్చుకుని మొదలెట్టింది. అంతా ఇంగ్లీషే.

మా రాజుగారి గదిలోకి బల్లి వచ్చింది. బల్లి వస్తే రాజుగారు మంచమెక్కారు. బల్లి మంచం దగ్గరికొస్తే రాజుగారు బీరువా ఎక్కారు. నలుగురు భటులు కత్తులు తెచ్చారు. బల్లి భటుల మీద పడితే భటులు కూడా బీరువా ఎక్కారు. అప్పుడు మా రాణీగారు చీపురు తెచ్చారు. బల్లి పోయింది. రాజుగారు దిగారు. దిగి చీపురుకు శాలువా కప్పారు.

మధ్యలో రెండు మూడు మాటలు వంకర పోయాయి. పోయినా రాణి ఆపలేదు. మీలాగే ఊ కొట్టింది. "ఊ, తరవాత? ఊ, తరవాత?" రాజుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్ల మాటిమాటికీ తన వంకే చూపిస్తోందని మీసం దువ్వుతూ, తల ఊపుతూ, చిరునవ్వులు చిందిస్తూ కూచున్నాడు.

రాణి నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏమంటోంది?" అన్నాడు రాజు.

"మీ ధైర్యం గురించి చెబుతోంది మహారాజా."

"చిన్నపిల్ల కదా, కొంచెం ఎక్కువ చేసి చెప్పి ఉంటుంది" అని రాజు సిగ్గుపడ్డాడు.

రాణి పొద్దు వాలేదాకా కూచుని ముప్పై ఒక్క మందినీ అడిగింది. గవరమ్మకు అరవై రెండు. ఒకడికి యాభై ఐదు. ఒకడికి పంతొమ్మిది. నూరు ఎవరికీ లేదు. రాజుకు చిన్నతనమనిపించింది. "నూటికి నూరు తెచ్చుకునే పిల్లలకు అరవై రెండేమిటి?" అని గొణిగాడు.

"ఈ అరవై రెండు పిల్లది మహారాజా. ఆ నూరు మీ టేకు పలకది. నేను పలకను తీసుకుపోయి ఏం చేసుకోను?" అంది రాణి. యాభై దాటిన పధ్నాలుగు మందిని ఈ ఏడే చేర్చుకుంటాననీ, మిగతావాళ్ళ కోసం వచ్చే ఏడు మళ్ళీ వస్తాననీ, అప్పటికి బడి ఇక్కడే ఉండాలనీ చెప్పింది. అంత గొప్ప రాణి వస్తానంటే ఏ రాజైనా బళ్ళో ఏనుగుల్ని కడతాడా? పాపం ఏనుగులు వెనక్కి పోయాయి. పిల్లలు రంగు తొట్ల వైపు పోలేదు. పేరిశాస్త్రిగారు కోడలి చేతి మజ్జిగ రెండు చెంబులు తాగారు. టేకు పలకను మాత్రం ఆచారం ప్రకారం పారెయ్యలేదు, దాంతో దుప్పట్లు అద్దుకున్నారు. అందరూ సుఖంగా ఉన్నారు. బట్టీపట్టి తెచ్చుకున్న నూరుకన్నా నోరు విప్పి తెచ్చుకున్న అరవై మేలు. మీ అమ్మ మార్కులు అడిగినప్పుడు ఈ ముక్క చెప్పండి, నా పేరు మాత్రం చెప్పకండి.

కథ కంచి బండెక్కుతోంది, మనం పక్కలెక్కుదాం. ఎక్కేలోపు వరహాలు సంగతి ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం బడి తలుపు గొళ్ళెం పెడుతూ ఆవిడ ఒకటి నిశ్చయించుకుంది. జవాబు తనకు ముందే తెలిసిన ప్రశ్న ఇంక ఏ పిల్లనూ అడగకూడదని. ఆ తరవాత ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పింది. రాజోద్యోగులు తనిఖీకి వచ్చి, జవాబుల పట్టిక ఏదమ్మా అని అడిగినప్పుడల్లా కుర్చీ వేసేది, పట్టిక లేదండీ, పిల్లలు చెబుతారు, కూచుని వినండి అనేది. ముప్పై నాలుగేళ్ళలో ఆ నిశ్చయం ఒక్కసారి కూడా తప్పలేదు.