ఏటి అవతలి మర్యాదలు

ఏటికి ఇవతల బీడు, అవతల అడవి. మధ్యలో నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు, ఎండాకాలమైతే ఉత్త ఇసుకే. అయినా బీడు మీది ఇర్రులు, అంటే కృష్ణజింకలు, ఏనాడూ ఏరు దాటి ఎరగవు. "అడవిలో వాళ్ల పద్ధతులు వేరు" అనేవాళ్లు పెద్దలు. ఏమిటా పద్ధతులంటే వాళ్లకీ తెలియదు. తెలియని సంగతిని గట్టిగా చెప్పడం ఒక్క ఇర్రుల్లోనే ఉన్న గుణం కాదనుకోండి.

వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. బీడు మీద గడ్డి ముందు పసుపుపచ్చనైంది, తర్వాత బూడిదరంగుకి దిగింది, ఆ తర్వాత అసలు లేకుండా పోయింది. మంద తలో దిక్కుకీ చెదిరిపోగా చివరికి చెంగయ్య ఒక్కడే మిగిలాడు. మెలికలు తిరిగిన కొమ్ములు, సన్నటి కాళ్లు, ఒకచోట నిలవని ఒళ్లు. పొద్దున్నే ఏటి ఒడ్డుకి పోయేవాడు, అవతలి పచ్చదనం చూసేవాడు, వెనక్కి వచ్చేవాడు, వచ్చీరాగానే మళ్లీ పోయేవాడు. వాడి రాకపోకలకి బీడు మీద కొత్త దారే పడింది. అవతలి దుప్పుల మంద చేర్చుకుంటే బతుకుతాడు. గెంటేస్తే, అడవిలో ఒంటరి ఇర్రి రెండు రోజులు కూడా ఆగదు. ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

ఆ దారిలోనే ఒకనాడు నక్క వరదయ్య ఎదురొచ్చాడు.

"ఏం అల్లుడూ, గిట్టలు అరగదీస్తున్నావు?"

"అవతలికి పోవాలి మామా. వాళ్ల మర్యాదలు తెలియవు. ఏ తప్పు చేస్తే ఏమవుతుందోనని..."

"ముందే నాతో చెప్పొద్దూ! వారానికి రెండుసార్లు పోయొచ్చేవాణ్ణి. ఏ దుప్పి ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో కూడా చెప్తాను. కూర్చో."

"కూర్చోలేను మామా. నిలబడి వింటాను, చెప్పండి."

వరదయ్య చెప్పాడు. మంద దగ్గరికి గాలిని వీపున పెట్టుకుని పోవాలి, మనకంటే ముందు మన వాసన వాళ్లకి చేరాలి, దొంగలా వచ్చాడనుకోకుండా. పెద్దామె కళ్లలోకి చూడకూడదు. చెట్టు మీద కొండముచ్చులు తింటూ ఆకులు రాలుస్తాయి, ఆ ఆకుల్లో మొదటి వంతు పిల్లల తల్లులది. వేరేవాళ్లు కొమ్ములు రుద్దుకున్న చెట్టుకి మన కొమ్ములు రుద్దరాదు.

నక్కకి న్యాయం చేయాలి కదా, చెప్పినవన్నీ నిజాలే. అబద్ధాలు చెప్పేవి చిల్లర నక్కలు. వరదయ్య ఆ మెట్టు దాటి చాలాకాలమైంది.

అయిదు రోజులు నేర్చుకున్నాడు చెంగయ్య. మామూలుగా నడవలేడు కాబట్టి చిందులు తొక్కుతూనే వల్లెవేశాడు.

"ఇంకేమైనా ఉందా మామా?"

"ఇంకేముంది? కొత్త పెళ్లికొడుకులా పో."

"మీకేమిచ్చుకోను?"

"ఛ! మామా అల్లుళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలా? ఏ రోజు దాటుతున్నావో ఒక్క మాట చెప్పు. శుభమా అని ఎదురొస్తాను."

"పున్నమి నాడు పొద్దున్నే."

"మంచి రోజు" అన్నాడు వరదయ్య, మూతి నాక్కుంటూ.

పున్నమికి ఇంకా రెండు రోజులుంది. ఒక రోజు ఎలాగో గడిపాడు చెంగయ్య. రెండో రోజు పొద్దుటికి కాళ్లు వాడి మాట వినలేదు. ఏటి ఒడ్డుకి చూసిరావడానికని వెళ్లినవాడు, ఇసుక దాటి అవతల తేలాడు.

గాలిని వీపున పెట్టుకున్నాడు. తలవంచి నిలబడ్డాడు. నలభై దుప్పులు ఒక్కసారి తలలెత్తాయి. మందకి పెద్ద పోలమ్మవ్వ, ఒక చెవి చిరిగిన ముసలి దుప్పి, ముందుకొచ్చి వాసన చూసింది. పైనుంచి ఆకులు రాలాయి. కడుపు మాడుతున్నా చెంగయ్య కదలలేదు. తల్లులు తిని పక్కకి జరిగాకే మూతి పెట్టాడు.

"ఎవర్రా నీకు ఇన్ని మర్యాదలు నేర్పింది?" అంది పోలమ్మవ్వ ముచ్చటపడి.

"వరదయ్య మామ. బీడు మీది నక్క."

"నక్కా! ఏం పుచ్చుకున్నాడు?"

"ఏమీ లేదవ్వా. నేనొచ్చే రోజు చెప్పమన్నాడు, అంతే. నిజానికి రేపు రావలసింది."

పోలమ్మవ్వ నమలడం ఆపింది.

"పైన కొండముచ్చు దగ్గితే ఏం చెయ్యాలో చెప్పాడా?"

"దగ్గా? పడిశం పట్టిందనుకుంటాను."

"చిరుత కనపడితేనే దగ్గుతాడు వాడు. అప్పుడేం చేస్తావు?"

"ఎగురుతాను! తోడేలు కనపడితే బీడు మీద మేమందరం అంతే. ఒక్క దూకు దూకితే..."

"దూకితే చస్తావు" అంది పోలమ్మవ్వ. "మీది బీడు. కనుచూపు మేర అడ్డం లేదు, కాళ్లే మీకు రక్ష. ఇక్కడ నాలుగు దూకుల్లో నీ మెలికల కొమ్ములు తీగల్లో చిక్కుతాయి. చిరుత దొంగ. పొంచి పడితేనే దానికి తిండి. మేం పారిపోం. అటు తిరిగి, ముందుకాలు నేలకేసి కొట్టి, 'చూశాం' అని చెప్తాం. నలభై జతల కళ్లు చూస్తుంటే అది సిగ్గుపడి పోతుంది. ఒక్కడు పరిగెత్తాడా, మంద చెదురుతుంది, దాని పంట పండుతుంది. అందుకే పరిగెత్తినవాణ్ణి మళ్లీ మాలో కలుపుకోం. నా సొంత కొడుకునే కలుపుకోలేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఎటో చూసింది.

సాయంత్రం దాకా సాధన చేయించింది. ఒక్కసారి ఉత్తినే దగ్గమని కొండముచ్చుని అడిగితే, "కుదరదు. ఉత్తుత్తి దగ్గులు దగ్గితే నా గొంతుకి విలువేం మిగుల్తుంది?" అన్నాడు వాడు. గత్యంతరం లేక పోలమ్మవ్వే వెనక నుంచి ఎండుపుల్లలు విరిచింది. పదిసార్లు విరిస్తే ఏడుసార్లు ఎగిరాడు చెంగయ్య.

"ఇప్పుడు ఆటగా ఉంది. రేపు ఉండదు" అంది ముసల్ది.

పున్నమి నాడు ఎండ చెట్ల మధ్యకి దిగే వేళ పైనుంచి వినిపించింది. ఖళ్‌, ఖళ్‌!

మంద మొత్తం ఏటివైపు తిరిగింది. చెంగయ్యా తిరిగాడు. పొదలో పసుపు, పసుపులో నల్ల మచ్చలు. ఒంట్లో ప్రతి నరం ఎగరమంది. తొడలు వాటంతటవే బిగుసుకున్నాయి, వెనక గిట్టలు నేలని తోడాయి. ఒక్క దూకు, ఒక్కటే, ఆకాశం ఎంత దూరం! పక్కనే పోలమ్మవ్వ ఊపిరి వినిపిస్తోంది. చెంగయ్య కుడి ముందుకాలు ఎత్తి నేలకేసి కొట్టాడు. ఇంకోసారి కొట్టి, మళ్లీ ఎత్తిన కాలు అలాగే గాలిలో ఉంచాడు.

ఇన్ని కళ్లు చూశాక దాక్కుని లాభం లేదు. చిరుత ముఖం ముడుచుకుని పొదలోంచి బయటికి వచ్చింది. దానికి కాస్త వెనకగా మరో పొద పక్కన రెండు చెవులు నిక్కి ఉన్నాయి. ఆ చెవుల్ని చెంగయ్య అయిదు రోజులు దగ్గరనుంచి చూశాడు. మెడ కదపకుండా గొంతెత్తాడు.

"వరదయ్య మామా! మీ మేలు మరిచిపోను! మీరు నేర్పినట్టే కదలకుండా నిలబడ్డాను, చూశారా!"

చిరుత ఆగింది. నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"నువ్వా నేర్పింది?"

"అయ్యో దొరా, ఈ ఒక్కటీ చెప్పలేదు! ఒట్టు!"

"అంటే మిగతావన్నీ చెప్పావన్నమాట. ఎగురుతాడు, చిక్కుతాడు, సగం నీకు, సగం నాకు అన్నావు. నన్ను పిలిచి నలభై మంది ముందు నిలబెట్టావు."

ఆ అడవిలో చిరుత ముందు ఏం చెయ్యాలో వరదయ్యకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కదలకూడదు. కళ్లలోకి చూడాలి. కానీ తెలిసినవాడు ఎన్నడూ అలా నిలబడి చూడలేదు. నక్క కాళ్లు నక్కని అడక్కుండానే పరుగందుకున్నాయి. పరిగెత్తేదాన్ని చూస్తే చిరుత కాళ్లూ ఆగవు. ఏట్లో ఇసుక పైకి లేచింది. అది సర్దుకునేసరికి రెండూ బీడు మీద చుక్కలంత అయిపోయాయి.

"ఇంక కాలు దించరా, పోయింది" అంది పోలమ్మవ్వ.

"దిగడం లేదవ్వా" అన్నాడు చెంగయ్య. మంద మొత్తం నవ్వింది, వాడిని మధ్యకి తోసుకుని మేతకి కదిలింది.

కొత్త చోటికి పోయేవాడు అక్కడివాళ్లు ఎలా పలకరించుకుంటారో తెలుసుకుంటే చాలదు, ఎలా భయపడతారో కూడా తెలుసుకోవాలి.