నక్క మెడలో పుల్లమ్మ గంట

"పసుపు గడప దాటి రావే పాడి తల్లీ,
పాలపొంగు చూసి పోవే పాడి తల్లీ..."

ఆ తర్వాత ఇంకో ముక్క ఉండాలి. ముగ్గు మాట వస్తుందో, మువ్వల మాట వస్తుందో, ఎంత నెమరేసినా ముసలావు పుల్లమ్మకి గుర్తు రాలేదు. పెయ్యగా ఉన్నప్పటి నుంచి వింటున్న పాటే, వయసు మీద పడింది మరి. ఊళ్ళో ఎవరు కొత్తిల్లు కట్టుకున్నా ఆడవాళ్ళు ఆ పాట పాడుతూ ఆమెని అందరికంటే ముందు లోపలికి నడిపించేవాళ్ళు. నుదుట బొట్టు, కాళ్ళకి పసుపు, మెడలో ఇత్తడి గంట. నాలుగడుగులు వేసి, పెట్టిన అరటిపండు తిని, పెరటి వాకిట్లోంచి బయటికి వచ్చేసేది. ఇంటివాళ్ళు లోపల కాపురం పెట్టుకునేవాళ్ళు. పుల్లమ్మ తన పాకకి వెళ్ళిపోయేది.

ఇన్ని ఇళ్ళలో ముందడుగు వేసిందే గానీ, ఒక్క ఇంట్లోనూ ఒక్క రాత్రి పడుకున్నది లేదు. అందుకు ఆమెకి కష్టమేం లేదు. 'ఇన్ని ఇళ్ళు చూడనిచ్చారు, అదే చాలు' అనుకునేది.

ఆ ఏడు నాట్లు పడి కాస్త తీరిక దొరికాక, కొడుకు కర్రెన్న పాకలో కాళ్ళు చాపుకుని అడిగాడు. "అమ్మా, రెండ్రోజులు ఎటైనా వెళ్ళొద్దాం. నీకేం కావాలో చెప్పు."

పుల్లమ్మ సిగ్గుపడింది. "పెద్దగా ఏం లేదు నాయనా. మనందరం కలిసి ఒక ఇంట్లోకి వెళ్ళాలి. వెళ్ళి, బయటికి రాకుండా అక్కడే పడుకోవాలి."

కోడలు బొల్లి ఫక్కున నవ్వింది. "ఓస్, అంతేనా అత్తయ్యా! కొండ కింద అడవిలో చెక్క ఇళ్ళున్నాయిగా. ఎండాకాలం మనుషులు సరదాకొచ్చి ఉండి వెళ్ళిపోతారు. వానలు పడితే ఒక్కడూ ఉండడు."

మనవరాలు చుక్కి అప్పటికే తోకెత్తి వాకిట్లో గంతులేస్తోంది.

మనుషులు వెళ్ళిపోయాక ఆ విడిదికి నక్క టక్కయ్య తనే పెద్దనని చెప్పుకుంటున్నాడు. వీళ్ళని చూడగానే ఎదురొచ్చాడు.

"రా అత్తా, రా! బావా, చెల్లెమ్మా, రండి! మీలాంటివాళ్ళు రావాలనే కదా ఇళ్ళన్నీ చూసుకుంటున్నాను."

"తోకతో ఊడ్చావా ఏంటి?" అంది బొల్లి. "అంతా ఆకులే ఉన్నాయి."

నక్క విననట్టు ముందుకి నడిచి, గుంజల మీద ఎత్తుగా కట్టిన ఇల్లు చూపించాడు. "కొండగాలి నేరుగా తగులుతుంది."

"నిచ్చెనెక్కే ఆవుని ఎక్కడైనా చూశావా?" అంది బొల్లి.

తర్వాత వాగు పక్కన ఒక ముచ్చటైన ఇల్లు. చుక్కి దూరిపోయింది. కర్రెన్న దూరబోతే కొమ్ములు గుమ్మానికి తట్టుకున్నాయి.

"తల కాస్త పక్కకి వంచు బావా."

"ఎటు వంచినా నేను వెళ్తాను, కొమ్ములు బయటే ఉంటాయి. వాటికి వేరే ఇల్లు చూస్తావా?"

ఇక మూడోది. మద్దిచెట్ల కింద రెండు తలుపుల ఇల్లు. గుమ్మం ఎంత వెడల్పంటే నలుగురూ పక్కపక్కనే నడిచిపోవచ్చు. కిటికీలన్నీ మూసున్నాయి. లోపల కారుచీకటి. పుల్లమ్మ గుమ్మం వైపు చూస్తూ నిలబడిపోయింది. కళ్ళు చెమర్చాయి.

"ఇదే నాయనా. ఇదే మా ఇల్లు."

ఆమెకి తెలియని సంగతి ఒకటుంది. ఆ చీకట్లో చిరుతపులి కూర్చుని ఉంది. మొదటి రెండిళ్ళూ వీళ్ళకి పనికిరావని తెలిసే నక్క చూపించాడు. వీళ్ళు వస్తున్న సంగతి పసిగట్టి, పొద్దున్నే పులితో మాట్లాడుకున్నాడు కూడా. "దొరా, ఏ ఇంట్లోకైనా ఆ ముసలావే ముందు వెళ్తుంది, ఊరంతటికీ తెలుసు. కొమ్ములున్న కొడుకు వెనకుంటాడు. గడప లోపల గంట మోగగానే దూకండి. నాకు ఎముకలు పడేస్తే చాలు."

"మరి అడుగు పెట్టత్తా," అన్నాడు నక్క. "నీ అడుగు మంచిదంటారు."

పుల్లమ్మ కదల్లేదు.

"నాయనా టక్కయ్యా, ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళ ఇంట్లోకి నేను ముందు వెళ్ళాను. ఇవాళ ఇల్లు మాది. మాకోసం ఎవరో ఒకరు ముందడుగు వెయ్యాలి కదా. నువ్వే వెయ్యి."

నక్క గబుక్కున వెనక్కి జరిగాడు. "నేనా! ఛ ఛ, నేను మాంసం తినేవాణ్ణి అత్తా. అపచారం!"

"ఇల్లు చూపించినవాడికి అపచారమేమిటి? ఎండలో పడి మాతో తిరిగావు. నీకు ఏమిచ్చి రుణం తీర్చుకోను?" పుల్లమ్మ తల వంచింది. "బొల్లీ, నా గంట తీసి టక్కయ్య మెడలో వెయ్యమ్మా. ఆ మర్యాద వాడికే దక్కాలి."

"వద్దు! గంట మాత్రం వద్దు!"

"సిగ్గుపడుతున్నాడు పాపం," అంటూ బొల్లి పళ్ళతో పట్టుకుని గంట లాగి నక్క మెడలో వేసేసింది. కర్రెన్న వెనక నిలబడ్డాడు. "మా అమ్మ అడిగింది టక్కయ్యా. కాదనకు." కొమ్ములు నక్క వీపుకి బెత్తెడు దూరంలో ఉన్నాయి.

నక్క గంటని గడ్డం కింద నొక్కిపెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పిల్లిలా గడప దాటాడు. చప్పుడు లేదు. ఇంకో అడుగు. చప్పుడు లేదు.

"మావయ్యా, గంట మోగట్లేదు!" అంటూ చుక్కి వెనకనుంచి ముట్టెతో ఒక్క పోటు పొడిచింది.

గణగణమంది గంట.

చీకట్లోంచి పులి దూకింది. "ఇదేం ఆవు! ఇంత బక్కగా ఉంది!"

"దొరా, నేను! నేనే దొరా!"

గంట, గోళ్ళు, అరుపులు అన్నీ కలిసి గుమ్మంలోంచి బయటికి దొర్లాయి. కర్రెన్న చుక్కిని వెనక్కి నెట్టి, తల దించి పులి డొక్కలో ఒక్క కుమ్ము కుమ్మాడు. పులి వెనక్కి తిరిగి చూడకుండా కొండ ఎక్కేసింది. నక్క సగం తోక అక్కడే వదిలేసి పొదలో దూరాడు. గంట గుమ్మం ముందు పడుంది.

పుల్లమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "అది నా మెడలో ఉండుంటే..." అంది.

"లేదుగా అత్తయ్యా," అంది బొల్లి, ఆమెకి ఆనుకుని నిలబడి.

అప్పుడు నలుగురూ ఒకరి భుజం ఒకరికి రాసుకుంటూ లోపలికి నడిచారు. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. కర్రెన్న కొమ్ములు బయటికి పెట్టి గుమ్మంలో పడుకున్నాడు. పొద్దుగూకే వేళకి వాన మొదలైంది. పుల్లమ్మ చెక్కల మీద ఒరిగి, పొట్టకి మనవరాలి తల ఆనించుకుని, గోడల మధ్య నుంచి వాన చప్పుడు వింది. పాకలో వాన మీదికి వస్తుంది. ఇక్కడ బయటే ఉండి మాట్లాడుతోంది. ఇంటివాళ్ళు ప్రతి వానాకాలం ఇది వింటారన్నమాట అనుకుని ఆశ్చర్యపోయింది.

పొదలో ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"నాయనా టక్కయ్యా," అని పిలిచింది పుల్లమ్మ. "ఎందుకు చూపించావో గానీ, ఇల్లు మాత్రం మంచిది చూపించావు. నీ మేలు మర్చిపోను. తడిసిపోతున్నావు, లోపలికి రా."

నక్క మిగిలిన తోక నాక్కున్నాడు. తర్వాత సన్నగా అన్నాడు.

"వద్దులే అత్తా. మనం దాటడానికి భయపడే గడపలోకి ఇంకొకర్ని పంపకూడదని నాకు ఇవాళే తెలిసింది."