ఏటా వేసే రంగు

సుదర్శనం కొత్త ఇల్లు కట్టాడు. గోడలు లేచాయి, స్లాబు పడింది, కిటికీలకు ఊచలు బిగిశాయి. అన్నీ బాగానే జరిగాయిగాని, తీరా రంగుల దగ్గరికి వచ్చేసరికి భార్య రాజమణి మాట్లాడటం మానేసింది.

పోట్లాడినా బాగుండేది. పోట్లాడితే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. కాసేపు మగ్గాల షెడ్డులోకి పోయి కూర్చుంటాడు, తిరిగొచ్చేసరికి ఆమె కోపం చల్లారి ఉంటుంది. ఇది ఆ బాపతు కాదు. అన్నం పెడుతోంది, చాయ్ ఇస్తోంది, అడిగినదానికి తల ఊపుతోంది. అంతకుమించి ఒక్క మాట లేదు. అవతల గృహప్రవేశం దగ్గరపడింది. రంగుల మేస్త్రీ అంజయ్య రోజూ ఫోన్ చేసి, ఆయిల్ పెయింటా, వాటర్ పెయింటా, ఏదో ఒకటి తేల్చమంటున్నాడు.

సుదర్శనం తన మట్టుకు తాను ఎప్పుడో తేల్చుకున్నాడు. ఆయిల్ పెయింటు గోడ అద్దంలా మెరుస్తుంది. మగ్గాల మీంచి లేచే నూలు దుమ్ము అంటుకున్నా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఒకసారి వేసి ఊరుకోవచ్చు. రాజమణికేమో నీళ్ళలో కలిపే రంగే కావాలట. అది తొందరగా వెలిసిపోతుంది, వీపు ఆనిస్తే చొక్కాకు అంటుతుంది. పాత ఇంట్లో సున్నం వేసినట్టే, దసరా ముందు సామానంతా వాకిట్లో పెట్టి, ఏటా మళ్ళీ మొదటినుంచి వేసుకోవాలి.

"నీ కష్టం తప్పుతదనే కదా," అన్నాడతను. ఆమె అతని వైపు ఒకసారి చూసి, చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఆ పోవడమే పోవడం.

ఇక లాభం లేదని సుదర్శనం గురువు దగ్గరికి బయల్దేరాడు.

గురువు విఠలయ్యది పక్క ఊరు. వయసులో ఉన్నన్నాళ్ళూ మగ్గం నేసి, ఇప్పుడు ఊరి చివర పెంకుటింట్లో ఒంటరిగా ఉంటున్నాడు. ప్రతి పౌర్ణమికీ అక్కడ భజన జరుగుతుంది. సుదర్శనం ముందు వరసలో కూర్చుంటాడు. తత్వాలకు అర్థాలు కొత్తవాళ్ళకు విడమరిచి చెప్పేది కూడా అతనే. చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెద్దదవుతుందని తోటి శిష్యులు చాటున నవ్వుకుంటారుగాని, అది అతని దాకా రాలేదు.

రాజమణికీ ఆయనంటే గురి. గురువు ఒక్క మాట చెబితే ఆమె కాదనదు. ఆ మాట కోసమే ఇప్పుడీ ప్రయాణం.

వెళ్ళేసరికి విఠలయ్య ఇంటి సామానంతా వాకిట్లో ఉంది. మంచం, సత్తు గిన్నెలు, ఏక్‌తార, దుప్పట్ల మూట. మధ్యలో సున్నం బకెట్. ఆయన పంచె పైకి కట్టుకుని, కట్టెతో సున్నం కలుపుతున్నాడు.

"మంచిగొచ్చినవ్ బిడ్డా," అన్నాడు తలెత్తి.

"గురువా, ఒక మాట అడగాలె."

"అడుగు. ముందుగాల ఆ అంగీ ఇప్పు, ఖరాబైతది."

సుదర్శనం అంగీ విప్పి మంచం మీద పెట్టి, సంగతంతా చెప్పుకొచ్చాడు. ఆయిల్ పెయింటు గుణాలన్నీ ఏకరువు పెట్టాడు. అంగడివాడు కూడా అంత బాగా చెప్పడు.

"ఒక్కసారి వేస్తే పదేండ్లు గోడ దిక్కు చూసే పనే లేదు గురువా."

"పదేండ్లు చూడకుండ ఉండెతందుకా ఇల్లు కట్టుకున్నది?"

సుదర్శనం నవ్వాడు. గురువు అప్పుడప్పుడు ఇలా తమాషాగా మాట్లాడటం మామూలే.

"అట్ల కాదు గురువా. ఏటేటా ఆ గోస ఆమెకెందుకని. ఆమెకు సమజైతలేదు. మీరొక్క మాట చెప్పుండ్రి."

"చెప్త తియ్యి," అని విఠలయ్య ఒక కుంచె అతని చేతిలో పెట్టాడు. "నా చెయ్యి భుజం దాటి లేస్తలేదు. నువ్వు పీట మీద నిలబడి పైన వెయ్యి. కింద నేను వేస్త."

కాదనలేక సుదర్శనం పీట ఎక్కాడు. గురువు అతని కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని కింది భాగం పట్టుకున్నాడు.

రెండు కుంచెలూ గోడ మీద నడిచాయి. తడి సున్నం వాసన లేచింది. పైనుంచి జారిన చుక్క ఒకటి గురువు నెత్తిమీద పడింది. వెనకే ఇంకొకటి.

"అయ్యో, మీ మీద పడ్తుంది గురువా."

"పడనియ్యి. కింద కూసున్నోని మీద పడక యాడ పడ్తది?" అన్నాడాయన, భుజమ్మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకుంటూ.

సుదర్శనానికి రాజమణి తలకు చుట్టుకునే పాత తువ్వాలు గుర్తొచ్చింది. సున్నం వేసే రోజు అది లేకుండా ఆమె పనిలోకి దిగేది కాదు. ఎందుకు చుట్టుకునేదో ఇన్నేళ్ళలో అతను ఆలోచించిన పాపాన పోలేదు.

తూర్పు గోడ అయింది. ఉత్తరం గోడ పట్టారు. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే నోరు దానంతటదే తెరుచుకుంది. మొదట నూలు ధర గురించి, తర్వాత మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడాడు. విఠలయ్య కింద నుంచి "ఊ" అంటున్నాడు. ఎదుటి మనిషి ముఖం కనబడదు, ఎదురుగా గోడ ఒక్కటే. మాట తర్వాత మాట సులువుగా వస్తోంది.

"నాకొక బిడ్డ పుట్టి పోయింది గురువా," అన్నాడు సుదర్శనం.

కింద కుంచె చప్పుడు ఆగింది.

అతను గోడకే చెబుతున్నట్టు చెప్పాడు. "కొడుకు కంటె ముందుగాల. నడక రాకముందే పోయింది. జరమొచ్చి పోయింది. మంజుల అని పిలిచేటోళ్ళం. ఆ పేరు మా ఇద్దరికే ఎరుక. నేను ఏడ్వలే. మొగోణ్ణి, నేనే ఏడిస్తే ఆమెకెవరు ధైర్యం చెప్తరని ఏడ్వలే. ఇగ ఆ పేరు నా నోట్లకెళ్ళి మళ్ల రాలే."

విఠలయ్య కుంచె బకెట్ అంచుకు ఆనించి, పైకి చూస్తూ కూర్చున్నాడు. సుదర్శనం చెయ్యి ఆగేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత లేచి కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు. సుదర్శనం తాగాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేతుల నిండా సున్నం. గురువే తువ్వాలు విప్పి, శుభ్రంగా ఉన్న కొసతో అతని ముఖం తుడిచాడు.

మిగిలిన గోడలు పొద్దు వాలకముందే అయిపోయాయి. గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టుంది సుదర్శనానికి. ఇన్నేళ్ళు భజనల్లో కూర్చున్నా ఇంత తేలిక ఎప్పుడూ తెలియలేదు. ఆ మాటే గురువుతో అందామనుకున్నాడు, సిగ్గేసి ఊరుకున్నాడు.

ఇద్దరూ బావి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు.

"మీ ఇంట్ల సున్నం ఎవరేస్తరు బిడ్డా?" అడిగాడు విఠలయ్య.

"మేమిద్దరమే గురువా. ఆ ఒక్కనాడు మగ్గం బందు పెడ్త. పైన నేను వేస్త, కింద రాజమణి వేస్తది."

"వేసేటప్పుడు ఏం మాట్లాడ్తది?"

"ఏముంటది, ఆడోళ్ళ ముచ్చట్లు..." అని సుదర్శనం ఆగిపోయాడు.

మొదట్లో ఒక ఏడాది రాజమణి అంది. కిందనుంచి, తలెత్తకుండా. "మంజుల ఉంటే ఈ ఏడు బడికి పోయేది." తర్వాత మరో ఏడాది, "మంజుల ఉంటే ఈసారి బతుకమ్మ తనే పేర్చేది." జడ సంగతి ఒకసారి అంది. ఓణీ సంగతి ఒకసారి. పోయిన దసరాకు ముందు, "ఉంటే అల్లుడు ఇంటికొచ్చేటోడు." ఏడాదికి ఒక్క మాట. ఆ రోజే, ఆ పని మధ్యలోనే. మిగతా రోజుల్లో ఆమె నోట ఆ పేరు అతను వినలేదు.

ప్రతిసారీ అతను "ఊ" అన్నాడు. అని, పైనున్న మూల సరిగ్గా అంటలేదని ఇంకో పూత వేశాడు. కింద ఆమె కుంచె నడుస్తోందో ఆగిందో ఒక్కసారైనా వంగి చూడలేదు.

చేతుల మీంచి నీళ్ళు కారిపోతున్నాయి. సుదర్శనం బావి గట్టు పట్టుకుని నిలబడిపోయాడు. చాలాసేపటికి తల ఎత్తితే, విఠలయ్య వాకిట్లో గిన్నెలు ఒక్కొక్కటే తీసి లోపల పెడుతున్నాడు. అతనూ వెళ్ళి మంచం లోపలికి చేర్చాడు. ఏక్‌తార దుమ్ము దులిపి కొయ్యకు తగిలించాడు.

"ఆమెకేదో చెప్పమంటివి గద," అన్నాడు గురువు.

"ఒద్దు గురువా," అన్నాడు సుదర్శనం. కాళ్ళకు దండం పెట్టి బయటికొచ్చాడు. ముందు వరసలో కూర్చునే మనిషి ఆ రోజు గడప దగ్గరే నేలకు తల ఆనించాడు.

బండి తీస్తుంటే అంజయ్య ఫోన్ వచ్చింది.

"అన్నా, ఇయ్యాలన్న చెప్పు. ఏ రంగు తేవాలె?"

"వాటర్ పెయింటు తే. తెచ్చి ఇంట్ల పెట్టి పో. మనుషులొద్దు."

"మనుషులొద్దంటె ఎవరేస్తరన్నా?"

సుదర్శనం బండి ఇంటివైపు తిప్పుకున్నాడు.

"పైన నేను వేస్త," అన్నాడు.